లలీ పారబోసిన జాడీ

యూలలీ మంచం కింద పంతొమ్మిదేళ్లపాటు ఒక గాజు జాడీ ఉండేది. అందులో ఎండుద్రాక్ష, చెర్రీలు, సన్నగా తరిగిన నారింజ తొక్క, గింజ తీసిన ఎండు ప్లమ్ పళ్లు తెల్ల రమ్ములోనూ ఎర్ర వైనులోనూ నానుతూ ఉండేవి. అవి పెళ్లి కేకు కోసం. ఎవరి పెళ్లంటే ఆమెదే. పెళ్లికొడుకు ఎవరంటే, అదే మంచం మీద పంతొమ్మిదేళ్లుగా ఆమె పక్కన పడుకుంటున్న హెజ్రన్.

మా బాంబూ ఫోర్డ్‌లో ఇదేమీ వింత కాదు. ఏటి ఒడ్డున నలభై ఇళ్లుంటే, వేలికి ఉంగరం ఉన్న ఆడవాళ్లు అయిదారుగురు. పెళ్లంటే మాకు ఇష్టం లేక కాదు, మరీ ఇష్టం ఉండబట్టే. చేసుకుంటే ఊరు నోరెళ్లబెట్టేలా చేసుకోవాలి. సిమెంటు ఇటుకల ఇల్లుండాలి, మూడంతస్తుల నల్ల కేకుండాలి, మేకని కోసి పెట్టాలి. ఆ స్తోమత వచ్చేదాకా కలిసి కాపురం చేస్తారు, వచ్చాక చర్చికి వెళ్తారు. కొందరికి అది మనవలు పుట్టాక గాని రాదు. అమ్మమ్మ పెళ్లిలో మనవరాలు పువ్వులు చల్లుకుంటూ ముందు నడవడం మేమంతా చూసిందే.

పళ్లు నానబెట్టడమంటే మాట ఇవ్వడం. మగవాడు రమ్ము తెస్తాడు, ఆడది పళ్లు తరుగుతుంది, ఇద్దరూ కలిసి మూత బిగిస్తారు. ఏటా క్రిస్మస్‌కి మళ్లీ కాస్త రమ్ము పోసి కలుపుతారు. ఎప్పుడైనా ఆడది ఆ జాడీ పారబోసిందంటే నిశ్చితార్థపు ఉంగరం మొహాన కొట్టినట్టే లెక్క. మగవాడు కారణం అడగడు, మూటాముల్లే సర్దుకుంటాడు.

హెజ్రన్ వెదురుతో బుట్టలు అల్లి, వాటిని ఏటి మడుగుల్లో రాళ్ల మధ్య ముంచి జంగాలు పట్టేవాడు. జంగా అంటే మా ఏటి రొయ్య. యూలలీ వాటిని ఉప్పూ, మంట పుట్టించే బోనెట్ మిరపకాయలూ వేసి ఉడికించి, వంతెన దగ్గర ఆగే బస్సులకి కాగితం పొట్లాల్లో అమ్మేది. "మిస్ లలీ, పెళ్లి భోజనం ఎప్పుడు?" అని డ్రైవర్లు ఎగతాళి చేస్తే, "ముందు నువ్వు తిన్న పొట్లం సంగతి తేల్చు, తర్వాత నా పెళ్లి సంగతి" అని నోరు మూయించేది. వాళ్ల పాత చెక్క ఇంటి ఎదురుగా, అదే వాకిట్లో, హెజ్రన్ సిమెంటు ఇల్లు కడుతూ ఉండేవాడు. చేతిలో నాలుగు డబ్బులాడిన ఏడాది రెండు వరసలు లేచేవి, లేని ఏడాది గోడల మీద గడ్డి లేచేది.

యూలలీకి పిల్లలు నిలవలేదు. ఆమె నలభయ్యో ఏట వాళ్లమ్మ పోయింది. ఆ ముసలావిడ కొండ మీది మౌంట్ హెర్మన్ సంఘంలో సభ్యురాలు. కబురు తెలియగానే తెల్లబట్టలు కట్టుకుని ఇరవై మంది సిస్టర్లు దిగారు. శవానికి స్నానం చేయించారు, గంజి పెట్టిన గౌను తొడిగారు, వచ్చినవాళ్లందరికీ వండి పెట్టారు, పాటలు పాడుతూ సమాధి దాకా మోశారు. వాళ్లమ్మ ఒక్క గడియ ఒంటరిగా లేదు. ఒక మూల నిలబడి అదంతా చూసిన యూలలీకి, 'నేను పోతే నాకెవరు స్నానం చేయిస్తారు' అన్న ఆలోచన పట్టుకుంది.

మొదట ఆ భయంతోనే చర్చికి వెళ్లింది. తర్వాత భయం పోయింది, వెళ్లడం మిగిలింది. ఒక ఆదివారం పాట మధ్యలో ఏడుపు ముంచుకొచ్చింది. ఎందుకో ఆమెకే తెలియదు. పుట్టి బతకని ఇద్దరు పిల్లల పేర్లూ ఎవరో తెలిసినవాళ్లు పక్కన కూర్చుని పిలిచినట్టనిపించింది. ఏడ్చాక ఒళ్లు దూదిలా తేలికైంది. అప్పటి నుంచి యేసు ప్రభువు ఆమెకి నిజంగా దిక్కయ్యాడు. ఇందులో ఆడిపోసుకోవలసిందేమీ లేదు.

కానీ ఆమె చోటు వెనక బల్లే. పెళ్లి కాకుండా మగవాడితో ఉన్నది బాప్తిస్మానికి తగదు. బాప్తిస్మం లేనిదే సంఘంలో లేనట్టే. నెలకోసారి రొట్టెముక్కలున్న ప్రభురాత్రి భోజనం పళ్లెం బల్ల వెంట చేతులు మారుతూ వచ్చేది, ఆమె దగ్గరకొచ్చేసరికి ఒక్క క్షణం తటపటాయించి, ఒళ్లో పడకుండా జాగ్రత్తగా ఆమెను దాటుకుని పోయేది. పక్కావిడ "ఏమనుకోకు లలీ" అని గొణిగేది. ఆరేళ్లు అలా దాటింది. ప్రతిసారీ యూలలీకి తల కొట్టేసినట్టుండేది.

పాస్టర్ ట్రెంచ్ పొట్టివాడు, మెత్తటివాడు. ఆమె వెళ్లి అడిగితే ఉన్నమాట చెప్పాడు. "రెండే దారులు మిస్ లలీ. పెళ్లైనా చేసుకోండి, వేరుగానైనా ఉండండి. పెళ్లికి ఖర్చేమీ అక్కర్లేదు. నా భార్యా, ఆర్గన్ వాయించే ఆయనా సాక్షులుంటారు. పావుగంట పని."

ఇంటికొచ్చి ఆ మాట చెప్పింది. హెజ్రన్ గడప మీద కూర్చుని వెదురు బద్దలు చీలుస్తున్నాడు.

"పావుగంటా? బస్సు కోసం కూడా అంతకంటే ఎక్కువసేపు నిలబడతాం కదే."

"నవ్వులాట కాదు హెజ్రన్."

"నేనూ నవ్వట్లేదు. ఇన్నేళ్లు పళ్లు నానబెట్టుకుని, ఎవడిదో కోటు అరువు తెచ్చుకుని, దొంగల్లా గదిలోకెళ్లి చేసుకుని వస్తామా? హెజ్రన్ ఒక మేకని కూడా కొయ్యలేకపోయాడంటారు. కప్పు ఒక్కటే కదా మిగిలింది. రేకులు కూడా తెచ్చేశాను, ఇరవై రెండు. వచ్చే ఏడు..."

"వచ్చే ఏడు!" యూలలీ ఒంటికాలి మీద లేచింది. "ఆ మాట వినీ వినీ నా తల నెరిసింది. ఆగస్టు మొదటి ఆదివారం బాప్తిస్మం. అది తప్పితే మళ్లీ ఏడాది వెనక బల్లే. నా వల్ల కాదు. పావుగంట నీకు చేతకాకపోతే వేరే ఉండు."

ఆమె అలా అంటుందని అతను అనుకోలేదు. చేతిలో కత్తి కింద పెట్టాడు. ఆ తర్వాత లేచి, దిండూ రెండు చొక్కాలూ చంకన పెట్టుకున్నాడు.

"సరే. కొత్తింట్లో పడుకుంటాను. గోడలున్నాయి, పైన ఆకాశముంది, ఇంకేం కావాలి? ఇవాళ్టి నుంచి నీ పొరుగువాణ్ణి. ఉప్పు నిండుకుంటే ఇస్తావా మిస్ లలీ?"

కోపంలోనూ ఆమెకి నవ్వొచ్చింది. అతను వాకిలి సగం దాటి, మళ్లీ వెనక్కొచ్చి గుమ్మంలో తల పెట్టాడు.

"జాడీ నీ దగ్గరే ఉండనీ. అక్కడ ఎండ పడుతుంది. అప్పుడప్పుడూ కలుపుతూ ఉండు."

అంటే కప్పు వేయగానే పెళ్లి అని చెప్పడమే అది. ఇద్దరికీ అర్థమైంది. ఆ మధ్యాహ్నమే హెజ్రన్ వాసాలు కొలవడం మొదలుపెట్టాడు.

బాప్తిస్మానికి వారం ముందు మదర్ బెక్‌ఫర్డ్ ఇల్లు చూడ్డానికి వచ్చింది. సంఘంలో పెద్దావిడ, బాప్తిస్మానికి సిద్ధపడే ఆడవాళ్ల బాగోగులు చూసేది ఆవిడే. నిజంగా వేరుపడ్డారా లేదా అని చూడ్డానికి ఆవిడకొక పద్ధతుంది. మంచం కిందికి వంగి మగవాళ్ల బూట్లున్నాయేమో చూస్తుంది. ఆ రోజు వంగితే బూట్లు కనిపించలేదు, జాడీ కనిపించింది.

"ఇదేంటమ్మాయ్?"

"పళ్లండి మదర్. కేకుకి."

"పళ్లని నాకూ తెలుస్తోంది. అవి ఎందులో ఈదుతున్నాయని అడుగుతున్నా."

యూలలీ గబగబా నిమ్మరసం కలపబోయింది.

"తెల్లబట్టలు కట్టుకుని ఏట్లో దిగుతావు, ఇంటికొచ్చి రమ్ము మీద పడుకుంటావు. బాగానే ఉంది వరస." ఆవిడ నడుం పట్టుకుని లేచి నిలబడింది. "నేను చెప్పేదేముంది, నీకూ ప్రభువుకీ మధ్య సంగతి." ఇచ్చిన నిమ్మరసం తాగి, గ్లాసు బోర్లించి వెళ్లిపోయింది. పారబొయ్యమని అనలేదు. ఆ తర్వాత ఎన్నేళ్లయినా ఎవరేమడిగినా, ఆవిడ ఆ మాట అనలేదనే యూలలీ చెప్పింది.

ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో, యూలలీ జాడీ ఎత్తుకుని సీమపనస చెట్టు కిందికి వెళ్లి బోర్లించేసింది. పంతొమ్మిది క్రిస్మస్‌లు చూసిన పళ్లు నల్లగా, నిగనిగలాడుతూ నేల మీద కుప్పగా పడ్డాయి. ఊరి సగం దాకా వాసన కొట్టింది. కోళ్లు పరుగున వచ్చి ఎగబడ్డాయి. కాసేపటికి పెట్టలు అడ్డదిడ్డంగా నడవడం మొదలుపెట్టాయి. పుంజు కూయబోయి వెల్లకిలా పడింది. కంచె అవతల జనం చేరి పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఏటి నుంచి బుట్టలు మోసుకుని వచ్చిన హెజ్రన్ కూడా ముందు పుంజుని చూసి నవ్వాడు. ఆ తర్వాత చెట్టు కింద పళ్లు చూశాడు. ఆమె చేతిలో ఖాళీ జాడీ చూశాడు.

"ఏమైంది లలీ?"

"పారబోశాను. ప్రభువు ముందు శుభ్రంగా నిలబడాలి కదా."

"అంతా?"

"అంతా."

కంచె అవతల నవ్వులు ఆగిపోయాయి. జనం మొహాలు తిప్పుకుని ఒక్కొక్కరే జారుకున్నారు. హెజ్రన్ జంగాల బుట్ట ఆమె గుమ్మం దగ్గర పెట్టాడు. "పోనీలే, కోళ్లకైనా పెళ్లి భోజనం దొరికింది" అని తన గోడల మధ్యకి వెళ్లిపోయాడు.

ఊరందరికీ తెలిసిన అర్థం యూలలీకి తెలియదా అంటే, తెలుసు. కానీ ఆ వారమంతా ఏరూ, తెల్ల గౌనూ, ప్రభువూ తప్ప ఆమె బుర్రలో ఇంకొకటి లేదు. పెళ్లి వద్దంటున్నానన్న ఊహే ఆమెకి రాలేదు. రమ్ము పారబోశాననే అనుకుంది. తర్వాత ఎప్పుడైనా ద్రాక్షరసంలో నానబెట్టుకుందాంలే అని కూడా అనుకుంది. ఆ ఒక్క ముక్క పైకి అని ఉంటే బాగుండేది.

బాప్తిస్మం జరిగింది హెజ్రన్ జంగాలు పట్టే మడుగులోనే. నడుములోతు నీళ్లున్న చోటు అదొక్కటే. తెల్లారగానే అతను తన బుట్టలన్నీ పైకి తీసి, కాళ్లకి గుచ్చుకునే రాళ్లు కూడా పక్కకి దొర్లించి, అవతలి ఒడ్డున టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పాస్టర్ ముంచి లేపేసరికి యూలలీకి ఊపిరందలేదు. ఊపిరంది కళ్లు తెరిచేసరికి ఒడ్డంతా హల్లెలూయా. మరుసటి ఆదివారం సంఘమంతా వరసలో వచ్చి, తమలో చేర్చుకున్న గుర్తుగా ఆమెకి సహవాసపు కుడిచెయ్యి ఇచ్చారు. పళ్లెం ఆమె దగ్గర ఆగింది. ఆ చిన్న రొట్టెముక్క నాలుక మీద పెట్టుకుని ఆమె చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఆమె జీవితంలో అంత సంతోషం మళ్లీ రాలేదు.

ఆ సంతోషంలో ఉండి, వాసాల చప్పుడు ఆగిపోయిందని గమనించలేదు.

సిస్టర్ లలీ పాటల గుంపులో చేరింది, రెండేళ్లలో స్త్రీల సమాజానికి కార్యదర్శి అయింది. ముందు నుంచి రెండో బల్ల ఆమెది. హెజ్రన్ రోజూ పొద్దున్నే జంగాలు తెచ్చి ఆమె గుమ్మంలో పెట్టేవాడు. ఆమె ఉడికించిన పచ్చి అరటికాయా ఉప్పుచేపా పళ్లెంలో వేసి, వేరుపడ్డాక రెండిళ్ల మధ్య లేచిన పిట్టగోడ మీద పెట్టేది. గోడకి అటూ ఇటూ నిలబడి వాన గురించీ, కోళ్ల గురించీ మాట్లాడుకునేవాళ్లు. అంతకు మించి దగ్గరగా వెళ్లడం సంఘం ముందు ఆమె మంచిపేరుకి, వాళ్ల మాటలో సాక్ష్యానికి, మంచిది కాదు.

ఒక క్రిస్మస్‌కి ఉండబట్టలేక అడిగింది. "రేకులు ఎప్పుడు ఎక్కిస్తావు?"

"ఎవరి కోసం ఎక్కించాలి? నాకొక మూల చాలు."

ఆమె మనసు చివుక్కుమంది. 'ప్రభువంటే గిట్టదు ఈ మనిషికి, అదను చూసి చేతులు దులుపుకున్నాడు' అనుకుంది. ఆ రోజు నుంచి అతని కఠిన హృదయం కోసం ప్రార్థనల్లో ప్రత్యేకంగా చోటిచ్చింది.

ఆ మరుసటి ఏడాది సెప్టెంబరులో పెద్ద తుఫాను వచ్చి చర్చి కప్పు ఎగరగొట్టుకుపోయింది. మూడో రోజు పొద్దున హెజ్రన్ తన ఇరవై రెండు రేకులూ ఎద్దుబండి మీద వేసుకుని కొండెక్కాడు. నిచ్చెన వేసి తనే మేకులు కొట్టడం మొదలుపెట్టాడు. పాస్టర్ కంగారుపడ్డాడు.

"మరి మీ ఇంటికో, హెజ్రన్?"

"ఆమె ఇంట్లో కంటే ఇక్కడే ఎక్కువసేపుంటుంది పాస్టర్. తడవకూడదు."

కింద నిమ్మరసం కలుపుతున్న యూలలీకి ఆ మాట వినబడింది. గుండె పొంగింది. కానీ ఆ పొంగునంతా తీసుకెళ్లి ప్రభువు పాదాల దగ్గరే పెట్టింది. ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచి, "ప్రభువు హెజ్రన్ హృదయాన్ని మెత్తబరుస్తున్నాడు!" అంది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. హెజ్రన్ ఆ వేళకి తన గోడల మధ్య ఒక మూల తాటాకులు కప్పుకుంటున్నాడు. ఆ చలికాలం నుంచే దగ్గు మొదలైంది.

మూడేళ్ల తర్వాత అక్టోబరులో మదర్ బెక్‌ఫర్డ్ మనవరాలి పెళ్లయింది. చర్చి వెనక హాల్లో విందు. కేకు ముక్క యూలలీ చేతికొచ్చింది. నోట్లో పెట్టుకోగానే తెలిసింది. ఎదురుగా మదర్ బెక్‌ఫర్డ్ రెండో ముక్క తింటోంది.

"మదర్, ఇందులో రమ్ముంది కదండీ?"

"కేకులో రమ్ము రమ్మేంటమ్మాయ్! పొయ్యిలో ఆవిరైపోదూ?" ఆవిడ వేళ్లు నాక్కుంది. "ఏడేళ్లు నానిన పళ్లు. మధ్యలో ఓసారి పోట్లాడుకుని, ఈ పిచ్చిపిల్ల జాడీ ఎత్తి పారబొయ్యబోతే నేనే చెయ్యి పట్టుకున్నా. పారబోశాక ఇంకేముందే, వాడు మళ్లీ నీ మొహం చూస్తాడా అని నాలుగు చీవాట్లేశా."

యూలలీకి సీమపనస చెట్టు, కోళ్లు, కంచె అవతల ఆగిపోయిన నవ్వులు, "అంతా?" అని అతనడిగిన తీరు, అన్నీ ఒక్కసారి కళ్లకి కట్టాయి. మిగిలిన ముక్క చేతిరుమాల్లో చుట్టుకుని కొండ దిగింది. ఐదేళ్లలో మొదటిసారి గోడ దాటి హెజ్రన్ వాకిట్లో నిలబడింది.

"నేను జాడీ పారబోసిన రోజు నువ్వేమనుకున్నావు?"

"ఎవరైనా ఏమనుకుంటారు?"

"చెప్పు."

హెజ్రన్ ఆకాశం వైపు గడ్డంతో చూపించాడు. "నాకంటే మంచివాడు దొరికాడనుకున్నాను. ఆయనతో నేనేం పోటీ పడతాను?"

"నేను పారబోసింది రమ్మునయ్యా. నిన్ను కాదు."

అతను ఆమె ఇచ్చిన కేకు ముక్క కొంచెం కొంచెంగా తిన్నాడు.

"ఐదేళ్లు," అన్నాడు చివరికి. "ఒక్కమాట అనొచ్చు కదే లలీ."

"నువ్వడగొచ్చు కదా!"

"జాడీ పారబోశాక ఎవడైనా అడుగుతాడా? నాకు సిగ్గూ శరం లేవా?"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ యూలలీ మొహం చేతుల్లో దాచుకుంది. హెజ్రన్ లేచి, ప్యాంటు దులుపుకుని టోపీ పెట్టుకున్నాడు.

"పద. పాస్టర్ ఇంకా హాల్లోనే ఉంటాడు. పావుగంటన్నావు కదా. మేకా వద్దు, ఇల్లూ వద్దు. ఈ చొక్కాతోనే వస్తాను."

యూలలీ ఆ చొక్కా వైపు చూసింది. మోచేతి దగ్గర చిరుగు, కాలరుకి ఏటి బురద. పాటల గుంపు గుర్తొచ్చింది, స్త్రీల సమాజం గుర్తొచ్చింది. ఇరవై నాలుగేళ్లు ఆగిన పెళ్లి ఇంకొకరి పెళ్లి హాలు వెనక గదిలోనా అనిపించింది. అప్పుడు అతను అన్న మాటే ఇప్పుడు ఆమె నోటివెంట వచ్చింది.

"దొంగల్లా ఎందుకు? ఈస్టర్‌కి చేసుకుందాం. పళ్లు నానబెడతాను, ఈలోగా నానతాయి. నీకు కోటు కుట్టిద్దాం. సిస్టర్లందరూ నీలం గౌన్లు వేసుకుంటారు."

"లలీ, పావుగంట చాలే."

"ఈస్టర్," అంది ఆమె.

అతను ఆమె మొహంలోకి చూసి టోపీ తీశాడు. "సరే. ఈస్టర్."

మర్నాడు స్త్రీల సమాజం కార్యదర్శి దుకాణానికి వెళ్లి, నలుగురూ చూస్తుండగా తెల్ల రమ్ము సీసా కొని చంకలో పెట్టుకుని నడిచింది. ఊరు నోరు నొక్కుకుంది. ఇద్దరూ గోడ దగ్గర కూర్చుని పళ్లు తరిగారు, కలిసి మూత బిగించారు. జాడీ మళ్లీ మంచం కిందికి చేరింది. పాస్టర్ రెండు చేతులూ పట్టుకుని అభినందించాడు. "ఇవాళే చేసేస్తే పోలా?" అని కూడా అన్నాడు. ఆమె నవ్వి తలూపింది కానీ ఒప్పుకోలేదు.

జనవరి వానలకి తాటాకు కప్పు కారింది. హెజ్రన్ దగ్గు గోడ దాటి వినిపించేది. పాత ఇంటి వరండాలో పడుకోమని పిలుద్దామని ఆమె ఎన్నిసార్లు అనుకుందో. నియమం నియమమే. ఇంకో రెండు నెలల్లో పెళ్లి పెట్టుకుని సిస్టర్ లలీ ఇంట్లో మగమనిషి పడుకున్నాడంటే ఎలా ఉంటుంది? పాస్టర్‌ని అడిగితే సరేననేవాడేమో. ఆమె అడగలేదు.

ఫిబ్రవరిలో ఒక రోజు, గోడ మీద పొద్దున్న పెట్టిన పళ్లెం మధ్యాహ్నానికి కూడా అలాగే ఉంది. అరటికాయ మీద చీమలు పట్టాయి. యూలలీ గోడ దాటి పరుగెత్తింది. హెజ్రన్ తన మూలలో గోడకి ఆనుకుని కూర్చునే పోయాడు. ఒళ్లో సగం అల్లిన బుట్ట ఉంది. కొత్త కోటు పైన చిలక్కొయ్యకి వేలాడుతోంది. అది తడవకుండా దాని మీద తన దుప్పటి కప్పాడు.

సిస్టర్లు ఇరవై మందీ దిగారు. అతను సంఘంలో సభ్యుడు కాదు, అయినా దిగారు. స్నానం చేయించారు, కోటు తొడిగారు, వండారు, పాడారు. వాళ్లమ్మ పోయినప్పుడు మూల నిలబడి ఆశపడిందంతా ఇప్పుడు ఆమె కళ్లెదుట జరిగింది. మదర్ బెక్‌ఫర్డ్ ఆమె తల తన ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. యూలలీకి ఎవరి మీదా కోపం రాలేదు. ప్రభువు మీద అసలే రాలేదు. ప్రభువు అడిగింది పావుగంట. మిగతా ఏళ్లన్నీ వాళ్లిద్దరూ కలిసి తగలేసినవే.

సమాధికి ముందు సంఘం గుమస్తా రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. చిన్నప్పటి నుంచీ ఇద్దర్నీ ఎరిగినవాడే. తల వంచుకునే అడిగాడు.

"పోయినాయనకి మీరేమవుతారు సిస్టర్? రాయాలి."

ఆ గడిలో భార్య అని రాయించుకోవాలని ఆమెకి ప్రాణం కొట్టుకుపోయింది. గుమస్తా రాసి ఉండేవాడు కూడా. కానీ ఏట్లో మునిగి లేచిన నోటితో, శవం ఎదురుగా, అబద్ధం చెప్పలేకపోయింది.

"పొరుగు" అంది.

మొదటి బల్ల రక్తసంబంధీకులది. దాని మీద ఎక్కడో సెయింట్ థామస్ నుంచి వచ్చిన హెజ్రన్ తమ్ముడు కూర్చున్నాడు. అన్నని చూసి పదేళ్లయిందట. యూలలీ తన రెండో బల్లలో కూర్చుంది. పాస్టర్ వాక్యం చదవడం మొదలుపెట్టగానే వాన అందుకుంది. రేకుల మీద చప్పుడుకి ఒక్క ముక్క వినబడలేదు. పాస్టర్ పుస్తకం మూసి, వాన తగ్గేదాకా ఆగుదామన్నట్టు చెయ్యెత్తాడు. అందరూ తలలెత్తి కప్పు వైపు చూశారు.

యూలలీ కూడా తలెత్తి చూసింది. ఇరవై రెండు రేకులు, ప్రతి మేకూ అతను కొట్టినదే. బయట వాగులు కట్టేంత వాన. ఆమె మీద ఒక్క చుక్క కూడా పడలేదు.